డీజిల్ ఎక్కడికి పోయింది

సోమవారం పొద్దున ఆరున్నరకు ఉప్పు పండించే కయ్యల దగ్గర పాత ఇంజను ఒక్క తిప్పుకే పలికింది. రెండుసార్లు నల్లగా ఊది, గొంతు సవరించుకుని, దడదడలాడుతూ క్రీకు అనే సముద్రపు పాయలోంచి నీళ్లు తోడడం మొదలుపెట్టింది. గట్టు మీద పారలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. వాళ్లలో పెద్దది వెంకటశేషమ్మ. ఏ మాటైనా ముందు ఆమే అనాలి, తర్వాతే మిగతావాళ్లు.

"చూసినారా, వాడు పొయ్యినాక ఇంజను ఎట్టా పలకతా ఉందో! దొంగ చెయ్యి తగలకపోతే ఇనుముకు కూడా ఒళ్లు బాగైపోయింది" అంది.

అందరూ నవ్వారు. మెకానిక్కు అబ్రహాము నవ్వలేదు. ఇంజను వెనక్కి పోయి, నూనెగుడ్డతో తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ నిలబడ్డాడు. చెవులు కాలిపోతున్నాయి. అది ఇంజను వేడి కాదు.

వాళ్లు దొంగ అన్నవాడి పేరు గంగులయ్య. పదిహేడేళ్లు ఆ ఇంజను నడిపిన మనిషి. ఆయన దొంగ కాడని లోకంలో గట్టిగా తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు గంగులయ్య. రెండోవాడు ఇదిగో, ఈ నూనెగుడ్డ పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి.

విడవలూరు నుంచి సముద్రం దాకా ఏ ఆయిలింజను ఆగినా, ఏ ట్రాక్టరు మొరాయించినా అబ్రహాము మేస్త్రికే కబురు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకు, రెండో కొస చెవికి ఆనించి, కళ్లు మూసుకుని రోగం ఏమిటో చెప్పేస్తాడు. నలభై ఏళ్లలో ఆయన చెప్పింది తప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్లు కూడా ఆయన ముడవనివ్వడు. చర్చిలో సంఘ పెద్ద. అబద్ధం ఆడడని ఊరూవాడా పేరు. ఆ పేరు ఒకటి సంపాదించుకుంటే ఇంకేం కావాలి, ఎప్పుడైనా ఒక అబద్ధం ఆడినా అది కూడా నిజం కింద చెల్లిపోతుంది.

ఉప్పు కయ్యలు నరేంద్రబాబువి. ఆయన నెల్లూరులో ఉంటాడు, వారానికి రెండుసార్లు వచ్చి చూసిపోతాడు. క్రీకులోకి పోటు వచ్చిన రెండు మూడు గంటల్లోనే నీళ్లు తోడి కయ్యలకు పెట్టుకోవాలి. ఆ వేళకు ఇంజను పలక్కపోతే ఆ పూటకు అంతే సంగతులు. జనవరిలో ఇంజను నెత్తిమీద ఉండే డీజిల్ టాంకు తుప్పుపట్టి చిల్లులు పడింది. కొత్త టాంకు ఎందుకు, రోజూ క్యాను ఎత్తి పోసే యాతన ఎందుకు, డ్రమ్మునే నేల మీద పెట్టి దాన్నుంచి గొట్టం లాగెయ్యమన్నాడు నరేంద్రబాబు. అబ్రహాము ఒక్క పూటలో లాగేశాడు.

తప్పు అక్కడే జరిగింది. టాంకు నెత్తిమీద ఉన్నన్నాళ్లు డీజిల్ తన బరువుకు తానే కిందికి దిగేది. డ్రమ్ము నేల మీదికి వచ్చాక ఇంజను దాన్ని పైకి పీల్చుకోవాలి. నడుస్తున్నంతసేపు పీల్చుకుంటుంది. ఆపేశాక ఏ బిగింపులోనైనా వెంట్రుకంత సందు ఉంటే గాలి దూరుతుంది. గాలి దూరితే గొట్టంలోని డీజిల్ మెల్లగా జారి మళ్లీ డ్రమ్ములోకే పోతుంది. తెల్లారి ఎంత తిప్పినా ఇంజనుకు అందేది గాలే. అట్లా కాకుండా గొట్టం అడుగున చిన్న వాల్వు ఒకటి పెట్టాలి. అది పైకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. నీళ్ల గొట్టం కొసన ఫుట్‌వాల్వు లేకపోతే నీళ్లు జారిపోతాయని గట్టు మీద పార పట్టిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. అదే షెడ్డులో, అదే ఇంజనుకు, డీజిల్ గొట్టానికి కూడా అదే కావాలని మేస్త్రికి తోచలేదు.

తోచలేదంటే పూర్తిగా నిజం కాదు. తోచింది. ఆ వాల్వు విడవలూరులో దొరకదు, నెల్లూరు పోవాలి. 'డీజిల్ లాగే ఫీడ్ పంపులో వాల్వులు ఉండనే ఉన్నాయి గదా, అయినా నేను బిగిస్తే గాలి ఎట్టా దూరుద్ది' అనుకున్నాడు. కొత్త వాషర్లు కూడా తేలేదు. పాత రాగి వాషర్లనే రాతి మీద రుద్ది మళ్లీ వేసేశాడు.

వారం తిరక్కముందే ఇంజను పొద్దున పూట మొండికెయ్యడం మొదలైంది. గంగులయ్య ఎవరికీ చెప్పకుండా తనే ఫిల్టరు దగ్గరి బోల్టు వదులు చేసి, చేతిపంపు కొట్టి, గాలి బుడగలన్నీ పోయాక బిగించి నడుపుకున్నాడు. పది రోజులు అట్లా చూసి, టీ కొట్టు దగ్గర అబ్రహాముతో అన్నాడు:

"అన్నా, డ్రమ్ము కిందికి దిగినకాడ్నించి ఈ పీడ పట్టుకునింది. ఒకసారి ఆ గొట్టం చూడన్నా."

"యాడన్నా డీజిల్ కారతా ఉందా?"

"కారలా."

"కారకపోతే లీకు లేనట్టే గదా. పదిహేడేళ్లు హ్యాండిలు తిప్పినంత మాత్రాన మెకానిక్కువి అయిపోతావా గంగులూ?"

టీ కొట్టు దగ్గరి నలుగురూ పకపకా నవ్వారు. గంగులయ్య కూడా నవ్వేసి గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయాడు. పీల్చే గొట్టం బయటికి కారదు, లోపలికే గాలి లాక్కుంటుంది. ఈ ముక్క అబ్రహాముకు తెలియనిది కాదు. ఎవరు చెబుతున్నారన్నది చూశాడే గాని, ఏం చెబుతున్నాడన్నది వినలేదు.

మార్చిలో పెద్ద పోటు వచ్చిన రోజు గంటన్నర సేపు గాలి తీసినా, తిప్పినా ఇంజను పలకనే లేదు. ఆ పూట నీళ్లు పోయాయి. ఆడవాళ్లు పని లేక ఇళ్లకు తిరిగారు. నరేంద్రబాబు నెల్లూరు నుంచి మండిపడుతూ వచ్చి అబ్రహామును పిలిపించాడు. ఫిల్టరు కింద ఉండే గాజు గిన్నె ఖాళీగా ఉంది. ముందురోజు సాయంత్రం నిండుగా ఉందని గంగులయ్యే చెప్పాడు.

"మరి డీజిల్ ఏమైంది మేస్త్రీ?" అన్నాడు నరేంద్రబాబు.

అబ్రహాము వంగి చూశాడు. బోల్టు మీద కొత్త స్పానరు గీతలు మెరుస్తున్నాయి. తన గొట్టం మీద, తన బిగింపు మీద ఆయనకు ఇంత కూడా అనుమానం రాలేదు. రానివ్వలేదు.

"ఎవరో విప్పినారు బాబూ. విప్పకుండా ఈ గిన్నె ఖాళీ కాదు" అన్నాడు.

అంతే మాట. దొంగ అని ఆయన నోటితో అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. షెడ్డు తాళం ఎవరి దగ్గర ఉంటుందో అందరికీ తెలుసు. "గాలి తియ్యడానికి విప్పినాను బాబూ" అని గంగులయ్య అంటే, "నేను బిగించినదాంట్లోకి గాలి ఎట్టా వస్తుంది?" అన్నాడు అబ్రహాము. ఆ పక్క నుంచి ఎవరో, ఈ మధ్య రొయ్యల గుంటల దగ్గర కూడా డీజిల్ మాయమవుతోందన్నారు. మాట మాట మీద పేరుకుంది.

కట్ట మీద పోలేరమ్మ రాయి ఉంది. దాని ముందు కర్పూరం వెలిగించి, ఆర్పి ప్రమాణం చెయ్యమన్నాడు నరేంద్రబాబు. గంగులయ్య కండువా నడుముకు కట్టుకుని, చెప్పులు దూరంగా వదిలి వచ్చి, మండే కర్పూరం మీద అరచెయ్యి బోర్లించి, "నేను చుక్క డీజిల్ తియ్యలా తల్లీ" అన్నాడు. చెయ్యి వెంటనే తియ్యలేదు. ఆరిందాకా ఉంచాడు.

అప్పుడు వెంకటశేషమ్మ ఉన్నట్టుండి అంది: "ఇంజను బాగుందని మేస్త్రి కూడా ఆర్పితే సరిపోద్ది గదా. ఇద్దరికీ న్యాయం."

నరేంద్రబాబు అబ్రహాము వైపు చూశాడు. ఆ క్షణంలో అబ్రహాముకు రాతి మీద రుద్దిన పాత వాషరు కళ్ల ముందు మెదిలింది. మెదిలిన మాట నిజం. దాన్ని పక్కకు తోసేసి, "మాలో ఒట్లు పెట్టుకోరు బాబూ. మా మాటే ఒట్టు" అన్నాడు.

ఎంత హాయిగా వచ్చిందో ఆ మాట! అందరూ అవునవునన్నట్టు తలలాడించారు. చెయ్యి కాల్చుకున్నవాణ్ణి నమ్మలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డవాణ్ణి నమ్మారు. గంగులయ్య అరచెయ్యి ఒకసారి చూసుకుని, షెడ్డు తాళం పోలేరమ్మ ముందు పెట్టి వెళ్లిపోయాడు. ఇంక ఇంజను ఎవరు నడుపుతారని నరేంద్రబాబు అడిగితే, "మా మేనల్లుడు సుశీల్ కుమార్ ఖాళీగానే ఉన్నాడు" అన్నది కూడా అబ్రహాము నోరే.

మర్నాడు తెల్లవారుతూనే సుశీల్ ఫోను చేశాడు.

"మావా, ఇంజను పలకడంలా. గిన్నె ఖాళీగా ఉండాది. తాళం నా మొలతాడుకే ఉండాది మావా, ఎవరూ రాలా."

అబ్రహాము బండి మీద వెళ్లేసరికి ఇంకా ఆడవాళ్లు రాలేదు. ఖాళీ గాజు గిన్నె ముందు గొంతుక్కూర్చున్నాడు. గంగులయ్య లేడు, తాళం వేసింది వేసినట్టే ఉంది, డీజిల్ మాత్రం గొట్టంలో లేదు. ఎక్కడికి పోతుంది? వచ్చిన చోటికే పోయింది. తను బిగించిన దారినే పోయింది. ఫిల్టరు దగ్గరి బోల్టు విప్పి పాత వాషరు బయటికి తీశాడు. దాని ముఖం మీద అడ్డంగా సన్నటి గాడి ఉంది. తను రాతి మీద రుద్దినప్పుడు పడిన గాడి.

అప్పుడే పోయి నిజం చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కొద్దిగా తలవంపు, రెండు రోజులు నవ్వుకుంటారు, మూడో రోజుకు మరిచిపోతారు. అబ్రహాము అది చెయ్యలేదు. గాలి తీసి, ఇంజను నడిపించి, "ఈ సంగతి ఎవరికీ చెప్పబాక" అన్నాడు మేనల్లుడితో. ఆ పూటే బస్సెక్కి నెల్లూరు వెళ్లి వేలెడంత ఇత్తడి వాల్వు, కొత్త వాషర్లు తెచ్చాడు. సర్వీసింగు అని చెప్పి షెడ్డు తలుపు దగ్గరికి వేసుకుని బిగించాడు. ఆ రోజు నుంచి ఇంజను పొద్దునే ఒక్క తిప్పుకు పలుకుతోంది. పలికిన ప్రతిసారీ గంగులయ్య దొంగతనం ఇంకాస్త రుజువవుతోంది. రోగం కుదిర్చినవాడు తనే, ఆ కుదిర్చిన పనే అవతలి మనిషి మీద సాక్ష్యం చెబుతోంది. ఇట్లా అవుతుందని అబ్రహాము అనుకోలేదు. మంచి పని చేసి తప్పు కప్పేసుకోవచ్చని అనుకున్నాడు.

సోమవారం వెంకటశేషమ్మ మాట విన్నాక ఆయనకు అన్నం సయించలేదు. మంగళవారం మధ్యాహ్నం గంగులయ్య ఇంటికి బయల్దేరాడు. చెప్పెయ్యాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. గంగులయ్య లేడు. ఆయన భార్య మాలకొండమ్మ వాకిట్లో ఎండుమిరపకాయలు తిరగేస్తోంది. మేస్త్రిని చూసి గబగబా లేచి, కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

"రాండన్నా, కూర్చోండి. ఆయన రొయ్యల గుంటల కాడ మట్టి పనికి పోతుండాడు."

"మట్టి పనికా? ఇంజను పని యాడా దొరకలేదా?"

"యాడికి పొయ్యినా ఒకటే మాటన్నా. 'అబ్రహాము మేస్త్రే చెప్పినాడంట గదా' అంటుండారు. ఇంక ఆ మాట మీద మనం చెప్పేదేం ఉండాది?"

లోపలికి పోయి గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అబ్రహాము నోరు తెరిచాడు. ఆయన మాట బయటికి రాకముందే ఆమె అందుకుంది.

"మీరు మనసులో ఏం పెట్టుకోబాకండి అన్నా. ఏదో గడ్డి తిన్నాడు, తప్పు చేసినాడు. మనిషన్నాక బుద్ధి ఒకోసారి అట్టా పోద్ది. ఇంక చెయ్యడని మీరు ఒక్క మాట చెప్తే ఎవరన్నా పనిలో పెట్టుకుంటారు. మీ మాటంటే అందరికీ గురి గదా. మీ కాళ్లు పట్టుకుంటా అన్నా."

పట్టుకోవడానికి వంగింది కూడా. అబ్రహాము చటుక్కున లేచి వెనక్కి జరిగాడు. "వద్దమ్మా, వద్దు" అన్నాడు. చెయ్యని తప్పుకు ఆ ఇల్లాలు తనకు క్షమాపణ చెబుతోంది. ఆ తప్పు చేసినవాడు ఆమె ఇచ్చిన మజ్జిగ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోట్లో లేదు. "చూస్తాలే మాలకొండమ్మా" అన్నాడు. మజ్జిగ తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు. బండి మీద వస్తుంటే, ఎట్లా తాగగలిగానా అని తన మీద తనకే రోత పుట్టింది.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఆయన్ను లేచి ప్రార్థన చెయ్యమన్నారు. గొంతు బాలేదని సైగ చేసి కూర్చుండిపోయాడు. ఇంటికి వచ్చాక, అన్నం ముందు కూర్చుని, భార్య ఎలిశబెతుకు మొత్తం చెప్పేశాడు. ఆమె వడ్డించే గరిటె పట్టుకునే అంతా విన్నది.

"సుశీలుకు పని పోద్దని నోరు మూసుకున్నావా, నీ పేరు పోద్దనా?" అంది.

"నా పేరే" అన్నాడు అబ్రహాము. అది మాత్రం నిజం చెప్పాడు.

"మనం ఒట్టు ఎందుకు పెట్టం? ఒట్టు లేకుండానే నిజం చెప్తామని. నువ్వు ఒట్టూ పెట్టలేదు, నిజమూ చెప్పలేదు. పాపం ఆయన రెండూ చేసినాడు."

చారు పోసి లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండును.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర నలుగురూ ఉన్నప్పుడు అబ్రహాము కళ్లు మూసుకుని అనేశాడు: "గంగులయ్య డీజిల్ తియ్యలా. తప్పు నాది. నేను బిగించిన గొట్టంలో లోపం."

కొట్టు యజమాని నిదానంగా అన్నాడు: "నీది పెద్ద మనసు మేస్త్రీ. వాడి పెళ్లాం కాళ్లమీద పడిందంట గదా. పోనీలే, నువ్వన్నా ఆ సంసారాన్ని కాపాడు."

కాదు మొర్రో అంటే కూడా వినేవాడు లేడు. ఎంత గట్టిగా చెబితే అంత గొప్పవాడైపోతున్నాడు. నరేంద్రబాబుకు ఫోను చేస్తే ఆయన నమ్మాడు, నమ్మినందుకే చిరాకుపడ్డాడు. "ఇంజను బాగానే ఉంది గదా మేస్త్రీ, ఇప్పుడెందుకు కెలకడం? వాడి చేత కర్పూరం ఆర్పించింది నేను. నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?" అన్నాడు.

తన మాటలు ఇంక పనికిరావని అబ్రహాముకు అర్థమైంది. గంగులయ్యను దొంగను చేసింది ఇంజను. కాదని కూడా ఇంజనే చెప్పాలి. "ఒక్క పొద్దుకు ఇంజను నాకు వదిలెయ్యండి బాబూ. మీరూ రండి. రాకపోతే నేను ఇంకెప్పుడూ మీ షెడ్డులో అడుగుపెట్టను" అన్నాడు. నలభై ఏళ్లలో ఆయన అట్లా మాట్లాడడం నరేంద్రబాబు ఎప్పుడూ వినలేదు. సరేనన్నాడు.

బుధవారం సాయంత్రం పని దిగే వేళకు ఆడవాళ్లందరినీ షెడ్డు దగ్గరికి పిలిచాడు. మాలకొండమ్మను కూడా రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. ధైర్యం చాలక అప్పటికీ చెప్పలేదు. అందరూ చూస్తుండగా గొట్టం అడుగున ఉన్న ఇత్తడి వాల్వు విప్పి వెంకటశేషమ్మ చేతిలో పెట్టాడు. రాగి వాషరు కొత్తది తీసేసి, గాడి పడిన పాతది వేశాడు. ముందు ఎట్లా ఉండేదో అట్లాగే బిగించి, గాలి తీసి, పది నిమిషాలు ఇంజను నడిపి ఆపాడు. గాజు గిన్నె నిండుగా ఉంది. డ్రమ్ములో వెదురు పుల్ల దించి, డీజిల్ తడి ఎంతవరకు ఉందో అక్కడ కత్తితో గాటు పెట్టించాడు. కొత్త తాళం వేసి, దాని రెండు చెవులూ మాలకొండమ్మకు ఇచ్చాడు.

"రేపు పొద్దున నువ్వే తెరవాలమ్మా. అందాకా ఎవరికీ ఇవ్వబాక" అన్నాడు.

పొద్దున ఆరున్నరకు అందరూ వచ్చారు. నరేంద్రబాబు కూడా వచ్చాడు. గంగులయ్య కూడా వచ్చాడు గాని గట్టు మీదే నిలబడ్డాడు, షెడ్డు దగ్గరికి రాలేదు. మాలకొండమ్మ నడుముకు దోపుకున్న చెవి తీసి తాళం తెరిచింది. గాజు గిన్నె ఖాళీగా ఉంది. సుశీల్ హ్యాండిలు తిప్పాడు. చెమటలు కారేదాకా తిప్పాడు. ఇంజను ఉసూరుమంది తప్ప పలకలేదు. అబ్రహాము వెదురు పుల్ల డ్రమ్ములో దించి పైకి తీశాడు. తడి గాటు దగ్గరే ఉంది. గాటు మీద ఇంకో గింజెడు ఎత్తున ఉంది.

"డీజిల్ యాడికీ పోలా. డ్రమ్ములోకే పోయింది" అన్నాడు. ఆ తర్వాత ఆపకుండా చెప్పేశాడు. "మొదట్నించీ ఇట్టానే పోతా ఉంది. గంగులయ్య నాకు ముందే చెప్పినాడు, నేను నవ్వినాను. ఆయన పొయ్యిన మర్నాడే నాకు నిజం తెలిసింది. తెలిసి దాచినాను. ఈ వాల్వు దొంగచాటుగా పెట్టినాను. ఆ పొద్దు కర్పూరం ఆర్పమంటే మతాన్ని అడ్డం పెట్టుకున్నాను. మేనల్లుణ్ణి తెచ్చి ఆయన పనిలో పెట్టినాను. మీరేం అన్నా పడతాను."

వెంకటశేషమ్మ నిట్టూర్చి, "అయినా అందరి ముందరా ఒప్పుకున్నాడు చూడు. ఎంతమందికి వస్తుంది ఆ గుణం" అంది. అవునవునని నలుగురు గొణిగారు. నరేంద్రబాబు గట్టు వైపు తిరిగి, "సరే గంగులూ, జరిగిందేదో జరిగింది. రేపట్నించి నువ్వే వచ్చెయ్" అని కేకేశాడు.

గంగులయ్య దిగి వచ్చాడు. పోటు నిండుగా ఉంది, ఇంకో గంటలో తీసేస్తుంది. అబ్రహాము చేతిలోని స్పానరు తీసుకుని బోల్టు వదులు చేశాడు. చేతిపంపు కొట్టి, బుడగలు పోయి డీజిల్ తేటగా వచ్చాక బిగించాడు. సుశీల్ హ్యాండిలు తిప్పితే ఇంజను పలికింది. నీళ్లు కయ్యల వైపు పారాయి. గంగులయ్య చేతులు తుడుచుకుని గట్టెక్కాడు. అబ్రహాము వెనకాలే వెళ్లాడు. మాలకొండమ్మ వాళ్లిద్దరి మధ్యా నిలబడింది.

"గంగులూ, నన్ను క్షమించు. రేపట్నించి పనికి రా."

గంగులయ్య అంతకుముందెప్పుడూ ఆయన్ను అన్నా అనే పిలిచేవాడు.

"మేస్త్రీ" అన్నాడు. గొంతులో కోపం లేదు. "నువ్వు ఎవరో విప్పినారన్నావు, వీళ్లంతా నన్ను దొంగన్నారు. ఈ పొద్దు నువ్వు కాదన్నావు, కాదంటుండారు. నడమ నేను ఈ చెయ్యి పెట్టి కర్పూరం ఆర్పినాను. అది నమ్మినోళ్లు ఒక్కరన్నా ఉండారా?" భార్య వైపు చూడకుండానే అన్నాడు. "మా ఇంట్లో కూడా లేరు. 'నిజం చెప్పు, తీసినావా' అని అన్నం పెడతా అడిగింది. మేస్త్రి చెప్పినాడు గదా మరి."

మాలకొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ మాటతో పొయ్యింది, నీ మాటతో వచ్చింది. నా మాటకు ఈడ ఏం విలువుండాది, పనికి రావడానికి?"

స్పానరు అబ్రహాము చేతిలో పెట్టి, రొయ్యల గుంటల వైపు గట్టు మీద నడిచిపోయాడు. మాలకొండమ్మ వెనకాలే వెళ్లింది. పదడుగుల దూరంలోనే నడిచింది, కలుసుకోలేదు. అబ్రహాము తన దగ్గర ఆ మనిషికి ఇవ్వగలిగింది ఏదీ మిగల్లేదని తెలిసి, సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

నరేంద్రబాబు షెడ్డులోంచి బయటికి వచ్చాడు. "ఏమన్నాడు మేస్త్రీ? వస్తానన్నాడా?"

"రాడు బాబూ. ఆయన మాట మనలో ఎవరన్నా నమ్మినామా అని అడిగినాడు."

నరేంద్రబాబు కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ క్రీకు వైపు చూశాడు. అబ్రహాము కూడా అటే చూస్తూ నిలబడ్డాడు.